జారుడు దీపం వెంట

టెక్కలి నుంచి విజయనగరం పోయి రావడం కూడా ఒక యాత్రేనా అని నవ్వేవాళ్లు ఉంటారు. బస్సెక్కి కిటికీకి తల ఆన్చి కునుకు తీస్తే అయిపోయే దారి అది. నేను మాత్రం ఆ దారిలో దసరా రోజుల్లో ఒక పాత కారు నడుపుకుంటూ వెళ్లాను. పక్క సీట్లో మా అత్త, వెనక డిక్కీలో ఆవిడ ఎండుచేపల బుట్ట, నా కళ్లెదురుగా ఆరని పసుపు దీపం. ఆ దీపం ఎందుకు వెలుగుతోందో కనుక్కోకుండా ఇంటికి రాకూడదన్నదే నా పట్టుదల. ఆ దారిలో ఎవరూ చూడని ఊళ్లేమీ నేను చూడలేదు. కానీ కారు ఆగిన చోటల్లా ఎవరో ఒకరు తారసపడ్డారు.

ముందు మా సంగతి చెప్పాలి. నా పేరు గౌరి. టెక్కలిలో జాకెట్లు కుట్టే షాపు నాది. మా ఆయన గుజరాత్ వైపు చేపల బోట్ల మీద పనికి పోతాడు. ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడే. అత్త అప్పలనరసమ్మ నా దగ్గరే ఉంటూ ఎండుచేపల వ్యాపారం చేస్తుంది. ఆవిడ తమ్ముడు కూర్మయ్య నాకు వరసకు చిన్నాన్న. నౌపడ దాటాక సముద్రం పక్క పల్లెలో ఒక్కడే ఉంటాడు. పిన్ని పోయి చాలా కాలమైంది. కొడుకు మా ఆయనతోనే బోట్ల మీద ఉన్నాడు.

చిన్నాన్నకు రెండు మూత్రపిండాలూ చెడిపోయాయి. వారానికి రెండుసార్లు శ్రీకాకుళం ఆస్పత్రిలో యంత్రం మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. మా దగ్గరి ఊళ్లలో ఆ యంత్రాలు ఇంకా రాని రోజులవి. వెళ్లేటప్పుడు బస్సులో బాగానే వెళ్లేవాడు. వచ్చేటప్పుడు ఒంట్లో సత్తువ ఉండేది కాదు. ఒకసారి నిలబడ్డ చోటే కూలబడిపోయాడు. ఆ కబురు విన్న వారమే నేను డ్రైవింగు నేర్చుకోవడం మొదలుపెట్టాను. విజయనగరంలో పాత కార్లు అమ్మేచోట ఈ తెల్ల కారు కొన్నాను.

కొన్న కొద్ది రోజులకే దీపం వెలిగింది. ముందు అద్దం కింద మీటర్ల మధ్య చిన్న కారు బొమ్మ, దాని కింద పాము పాకినట్టు రెండు వంకర గీతలు. ట్రాక్షన్ కంట్రోల్ అన్నారు. తడి రోడ్డు మీద చక్రం జారితే కారే కనిపెట్టి అదుపు చేసుకునే ఏర్పాటట. అత్త దానికి జారుడు దీపమని పేరు పెట్టింది. వెలిగితే వెలిగిందిలే అనుకున్నాం. ఒకరోజు ఆస్పత్రి నుంచి చిన్నాన్నను తీసుకొస్తుంటే వాన పట్టుకుంది. వంశధార వంతెన మీద కారు ఉన్నట్టుండి నీరసించిపోయింది. ఎంత తొక్కినా ముందుకు పోదు. వెనక లారీ చెవులు పగిలేలా హారన్ కొడుతూ మమ్మల్ని రాసుకున్నట్టే దాటిపోయింది. చిన్నాన్న తలుపు పిడిని రెండు చేతులా పట్టుకుని ఇంటిదాకా వదల్లేదు. దిగాక ఒక్కటే మాట అన్నాడు.

"ఆ దీపం ఆరేదాకా నాను ఏ బండీ ఎక్కను. బస్సూ ఎక్కను."

అన్నంత పనీ చేశాడు. తరవాతి చికిత్సకు రాలేదు. పాదాలు వాచాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. డాక్టరుగారికి ఫోను చేస్తే, దశమి నాటిది కూడా మానితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుందని గట్టిగా చెప్పారు. అప్పటికి అష్టమి వచ్చేసింది.

టెక్కలి మెకానిక్కు చూపిస్తే, "బల్బు పీకేస్తానమ్మా, పీడా పోతాది" అన్నాడు.

అత్త ముఖం వెలిగిపోయింది. "అదే సెయ్యి బాబూ. ఆడికి కనిపించకపోతే సాలు."

"వద్దత్తా," అన్నాను. "బల్బు పోతుంది గానీ జబ్బు పోదు. ఆయన్ని ఎక్కించుకున్నాక మళ్లీ వంతెన మీద ఆగితే?"

"ఎక్కకపోతే ఏటౌతాదో తెల్సా నీకు?" అంది అత్త. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. కారు ఎక్కడ కొన్నానో అక్కడికే తీసుకుపోయి తేల్చుకుంటానన్నాను. అత్త విసురుగా వెళ్లి, బుట్ట నిండా నెత్తళ్లు, వేలెడేసి ఎండుచేపలు, సర్దుకుని వచ్చి ముందు సీట్లో కూర్చుంది. దీపం సంగతి ఎలా ఉన్నా వ్యాపారం ఆగకూడదు కదా.

విజయనగరం: కొత్త సెన్సారు

విజయనగరంలో అప్పటికే పండగ కళ వచ్చేసింది. గంటస్తంభం దగ్గర జనాన్ని తప్పించుకుంటూ కారు నడపడానికి నాకు చెమటలు పట్టాయి. కారు అమ్మినాయన చేతులెత్తేసి ఒక గ్యారేజీ పేరు చెప్పాడు. అక్కడి మెకానిక్ శంకర్రావు అమ్మవారి మాల వేసుకున్నాడు. ఎర్ర బట్టలు, నుదుటి నిండా కుంకుమ. స్టీరింగు కింద ఒక తీగ తగిలించి చేతిలో బిళ్ల లాంటి యంత్రం చూసుకుంటూ, ముక్కు ఎగబీల్చాడు.

"డిక్కీలో ఏటమ్మా?"

"నెత్తళ్లు. నిన్ననే ఎండినాయి. పావుకిలో ఇమ్మంటావా?" అంది అత్త.

"మాలలో ఉన్నానమ్మా!" అని ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. బుట్టను వీధి అవతల గోడ నీడకు తరలించాం. పని మొదలైన కాసేపటికే పేటలోని పిల్లులన్నీ అక్కడ సభ పెట్టాయి. అత్త గొడుగుతో కాపలా కూర్చుంది. కాపలా కాస్తూనే అటుగా పోయేవాళ్లకు సగం బుట్ట అమ్మేసింది. మా తీరంలో పలికే ధరకు ఇక్కడ దాదాపు రెట్టింపు. కొన్నవాళ్లలో ఒకావిడ పేరడిగి, "అప్పలనరసమ్మగారూ, మళ్లీ ఎప్పుడొస్తారు?" అన్నదట. "నన్నేటే, కలెక్టరమ్మని పిలిసినట్టు పిలిసింది!" అని అత్త దారి పొడుగునా చెప్పుకుని నవ్వింది. మా వైపు ముసలివాళ్లనైనా ఓలమ్మా అనే పిలుస్తాం.

శంకర్రావు నాకు అర్థమయ్యేలా చెప్పాడు. "నాలుగు సక్రాల కాడా నాలుగు సెన్సార్లుంటాయమ్మా. ఏ సక్రం ఎంత జోరుగా తిరుగుతున్నాదో కారుకి సెప్తుంటాయి. మూడు ఒక మాట సెప్పి, నాలుగోది తిరగట్లేదని సెప్పిందనుకోండి, సక్రాలు జారుతున్నాయని కారు కంగారు పడిపోతాది. ఇంజను బలం తగ్గించేస్తాది. మీకు వంతెన కాడ అయింది అదే. ఇందులో ఎనక ఎడమది అబద్దం సెప్తన్నాది."

కొత్త సెన్సారు బిగించాడు. దీపం ఆరిపోయింది. పాత సెన్సారును దాని వైరుతో సహా నాకిచ్చెయ్యమని అడిగి డిక్కీలో పెట్టుకున్నాను. కత్తిరింపు ముక్కల్ని కూడా పారెయ్యని అలవాటు నాది. ఆ సంతోషంలో ఒక చిన్న హోటల్లో మినపరొట్టె తిన్నాం. పైన కరకర, లోపల దూది. మా ఇంట్లో దాన్ని బెల్లంపాకంతో తింటాం, ఇక్కడ అల్లప్పచ్చడి వేశారు. అత్త పాకం కావాలని అడిగితే సర్వరు వింతగా చూశాడు. చివరికి వంటాయన లోపలి నుంచి ఒక బెల్లం ముక్క పంపించాడు.

తిరుగుదారిలో చీపురుపల్లి మీదుగా పోదామంది అత్త. మిగిలిన చేపలు అక్కడ అమ్ముడవుతాయని ఆవిడ ఆశ. దీపం ఆరింది కదా, నాకూ తొందర లేదు.

చీపురుపల్లి: టేపు కొలత

గరివిడి దగ్గర రైలు గేటు దాటుతుంటే పట్టాల మీద కారు ఎగిరిపడింది. దీపం వెలిగింది.

నాకు ఏడుపొచ్చింది.   సన్నగా వాన మొదలైంది. కారు నీరసించకుండా మెల్లగా నడుపుకుంటూ చీపురుపల్లి చేరి, కనిపించిన మొదటి టైర్ల షాపు ముందు ఆపాను. షాపాయన కారు చుట్టూ తిరిగి, వెనక టైరును కాలితో తట్టాడు.

"సెన్సారు కాదు, ఏటీ కాదు. టైర్లు సమానంగా లేవు, అరిగింది ఎక్కువ తిరుగుతాది. నాలుగూ మార్చెయ్యండి, దీపం పోతాది."

"సమానంగా లేవని ఎలా తెలుసు?"

"కంటికి కనిపిస్తన్నాది కదమ్మా."

నా కంటికి కనిపించలేదు. చేతిసంచిలో నా టేపు ఎప్పుడూ ఉంటుంది. వానలో కూర్చుని, నడుం కొలత తీసినట్టు, నాలుగు టైర్ల చుట్టూ టేపు పట్టాను. మడ్గార్డు కింద చెయ్యి దూర్చి పట్టడం అంత సులువేం కాదు. మోచేతుల దాకా బురద. షాపులో గాలి కొట్టించుకోవడానికి వచ్చినవాళ్లంతా చుట్టూ చేరారు. నాలుగు కొలతలూ ఒక్కటే వచ్చాయి. షాపాయన ఇబ్బందిగా నవ్వి, "అయితే టైర్లు కాదమ్మా" అని తువ్వాలు ఇచ్చాడు. పోనీ, ఒక అనుమానం తీరింది. మా పనిలోనూ అంతే. జాకెట్టు ఎక్కడో పట్టేస్తోందంటే ముందు చంక చూస్తాం, తరవాత మెడ చూస్తాం. పట్టని చోట్లన్నీ పక్కన పెడితే పట్టే చోటు మిగులుతుంది.

వాన పెరిగింది. స్టేషను దగ్గర మెస్సు నడిపే రమణమ్మ మేడ మీద గదిలో ఉండమంది. ఆమెది వ్యవసాయం చేసే ఇల్లు. వరి, పెసర, నువ్వులు పండిస్తారు. నవరాత్రులని ఇంట్లో ఉల్లిపాయ కూడా తరగరు. బుట్టను కారులోనే ఉంచమని మొహమాటపడుతూ చెప్పింది. అరటికాయ ఆవపెట్టిన కూర, పెసరపప్పు, చివర్లో చల్లటి చోడంబలి, అదే రాగి అంబలి, పెట్టింది. చేప లేకుండా ముద్ద దిగని మా అత్త రెండుసార్లు కూర వేయించుకుంది.

భోజనాల దగ్గర కూర్చుని అత్త తన తమ్ముడి సంగతి చెప్పింది. వయసులో ఉన్నప్పుడు తుపాను గాలికి తెప్ప తిరగబడితే, మరొకణ్ణి భుజాన వేసుకుని ఈదుకుంటూ ఒడ్డుకొచ్చిన మనిషి. రమణమ్మ వడ్డించే చెయ్యి ఆపింది.

"సముద్రానికి బెదరనోడు ఈ పాటి దీపానికి బెదిరిపోనాడా?"

"రోగం మనిషిని అలగ సేసేస్తాదమ్మా," అంది అత్త.

నేనూ అలాగే అనుకున్నాను. అప్పుడు ఆ ప్రశ్న పట్టించుకోలేదు. నా మనసంతా వెనక ఎడమ చక్రం దగ్గరే ఉంది.

పడుకోబోయే ముందు అత్త నా పక్కన చేరి మెల్లగా అడిగింది. "గౌరీ, నల్ల టేపు ముక్క అతికిస్తే కనిపించదు కదే. అబద్దమైతే ఏటి? ఆడు బతుకుతాడు."

"రేపు సాయంత్రం దాకా చూద్దామత్తా. అప్పటికీ కాకపోతే..." అని ఆగిపోయాను. కాకపోతే ఏం చేస్తానో నాకే తెలియదు.

ఎచ్చెర్ల: పూజ పీట

మర్నాడు నవమి. లావేరు మీదుగా హైవే ఎక్కాం. దారిలో ఏ గ్యారేజీ చూసినా మామిడి తోరణాలు, కడిగిన లారీలు, వాటి ముందు అరటి పిలకలు. అప్పుడు తెలిసొచ్చింది నాకు. ఆయుధ పూజ రోజు. ఈ రోజు ఎవరూ పానా ముట్టరు. మా ఇంట్లోనూ అంతే. కుట్టుమిషనుకు బొట్టు పెట్టాక దశమి దాకా తొక్కం. మా వాళ్లు తెప్పకు, వలకు పెడతారు, వీళ్లు జాకీకి, పానాకు పెడతారు. తేడా అంతే.

ఎచ్చెర్లలో యూనివర్సిటీ రోడ్డుకు దగ్గర్లో ఒక గ్యారేజీ ఇంకా తుడుస్తూ కనిపించింది. పీట మీద ఎర్ర గుడ్డ పరిచి, పనిముట్లన్నీ వరసగా పేర్చి, నడుమ స్కానరు పెట్టి ఉంది. స్కానరు నుదుట కూడా కుంకుమ బొట్టు. గ్యారేజీ అతని పేరు రాజు. నా మాటలు విని తల అడ్డంగా ఊపాడు.

"రేపు రండి మేడం. పీట మీద పెట్టేశాం."

అత్త ముందుకొచ్చింది. చేతులు జోడించలేదు, బతిమాలలేదు. "బాబూ, రేపు మా తమ్ముడు ఆస్పత్రికి పోకపోతే ఎల్లుండి ఉండడు. పూజ ఇంకా మొదలెట్టలేదు కదా? అమ్మోరికి నాను సెప్పుకుంటాను. ఆ బొట్టెట్టిన బిళ్ల ఒక్కటీ తీసుకొచ్చీ," అంది.

రాజు లోపల కూర్చున్న తండ్రి వైపు చూశాడు. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, "పానా ముట్టకుండా ఏటి సెయ్యగలవో సెయ్యి" అన్నాడు.

రాజు స్కానరు పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. నేను నడిపాను. తెర మీద నాలుగు చక్రాల వేగాలు నాలుగు అంకెలుగా కనిపిస్తున్నాయి. నాలుగూ కలిసి పెరుగుతున్నాయి, కలిసి తగ్గుతున్నాయి. ఎడమకు తిప్పి ఒక గుంతలో దింపగానే, మూడు అంకెలు అలాగే ఉండి నాలుగోది సున్నా అయిపోయింది. మళ్లీ వచ్చింది. మళ్లీ పోయింది. దీపం వెలిగింది.

"చూశారా!" అన్నాడు రాజు. "సెన్సారు పాడైతే ఇలగ పోయి రాదండి. పోతే పోయినట్టే ఉంటాది. ఇది ఒంగినప్పుడల్లా పోతన్నాదంటే వైరు. సెన్సారుతో వచ్చే పొట్టి వైరు కాదు, దాన్నుంచి బాడీలోకెళ్లే కారు వైరు లోపల ఎక్కడో తెగి, తెగనట్టున్నాది."

"అయితే విజయనగరంలో దీపం ఎందుకు ఆరింది?"

"సెన్సారు మార్చినప్పుడు వైరు కదిలి అతుక్కుని ఉంటాది. గేటు కాడ కుదుపుకి మళ్లీ ఇడిపోనాది."

చక్రం విప్పి చూడమంటే మాత్రం ఒప్పుకోలేదు. తండ్రి అప్పటికే హారతి పళ్లెం సర్దుతున్నాడు. నేను ఒకటే అడిగాను, ఎక్కడ చూడాలని. రాజు నేల మీద కూర్చుని వేలితో చక్రం గీసి, వైరు దారి గీసి, రబ్బరు బిరడా లోంచి బాడీలోకి దూరే చోట గుండ్రంగా చుట్టాడు. పులిహోర పొట్లం చేతిలో పెట్టి, స్కానరు తీసుకెళ్లి మళ్లీ పీట మీద పెట్టి దండం పెట్టుకున్నాడు.

నౌపడ: ఉప్పు

శ్రీకాకుళం, నరసన్నపేట, కోటబొమ్మాళి. ఎక్కడా ఆగలేదు. టెక్కలిలో మా వీధి మలుపు వచ్చినా కారు తిప్పలేదు. ఇంటికి పోయి ఏం చేస్తాను? నౌపడ రోడ్డు పట్టాను. ఆ రోడ్డు మీద గుంతలకు దీపం వెలిగింది, ఆరలేదు.

వానాకాలంలో నౌపడ ఉప్పుమళ్లు చూడాలి. ఎండాకాలంలో తెల్లగా మెరిసే మళ్లన్నీ నీటితో నిండి, ఆకాశాన్ని పరిచినట్టుంటాయి. గట్ల మీద ఉప్పురాశులు తాటాకులు కప్పుకుని వరసగా కూర్చుంటాయి, వానకు ముసుగేసుకున్న ముసలమ్మల్లా. ఒక రాశి పక్కన లారీ ఆగి ఉంది. ముందు అరటి పిలకలు కట్టి, నిమ్మకాయల దండ వేసి ఉంది. అక్కడ నేల గట్టిగా ఉందని నేనూ ఆపాను.

జాకీ తీశాను. డ్రైవింగు నేర్పినాయన చక్రం మార్చడం కూడా నేర్పాడు గనక వెనక ఎడమ చక్రం ఊడదీయగలిగాను. అత్త గొడుగు పట్టింది. లారీ డ్రైవరు దండాసి కాసేపు దూరం నుంచి చూసి దగ్గరకొచ్చాడు.

"పండగ పూట పని ముట్టకూడదమ్మా," అన్నాడు.

"ఇది నా పని కాదు బాబూ. నా పని కుట్టుమిషను," అన్నాను. అతను నవ్వి, జారిపోకుండా మిగతా చక్రాల కింద రాళ్లు పెట్టాడు.

రాజు చెప్పిన చోట వైరు దొరికింది. చూడ్డానికి నల్లగా, నున్నగా, ఏ దెబ్బా లేకుండా ఉంది. కంటితో లాభం లేదనుకున్నాను. అంచు మడతలో దారం తెగితే కంటికి కనిపించదు, వేలికి తగులుతుంది. కళ్లు మూసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య వైరు పట్టుకుని, కొంచెం కొంచెం వంచుకుంటూ పోయాను. లోపల రాగి తీగ బిరుసుగా తగులుతూనే ఉంది. రబ్బరు బిరడాకు జానెడు ముందు ఒక్కసారిగా మెత్తబడింది. లోపల ఏమీ లేనట్టు, ఖాళీ గొట్టంలా వంగింది. మళ్లీ వెనక్కి వచ్చి వంచాను. అదే చోట మళ్లీ మెత్తన.

"అత్తా, దొరికింది," అన్నాను. 

బ్యాటరీ తీగ విప్పించి, కత్తెరతో ఆ ముక్క కోశాను. లోపల రాగి లేదు. పచ్చటి పొడి రాలింది. దండాసి దాన్ని అరచేతిలో వేసుకుని చూశాడు.

"ఉప్పు గాలి. ఈ కారు ఇదివరకు సముద్రం పక్కన తిరిగిందో ఏటో. చిన్న గాటు పడితే సాలు, లోపలికి పాకిపోద్ది. మా లారీలకి లైట్ల వైర్లన్నీ ఇలగే పోతాయి."

పాత సెన్సారు వైరు నుంచి బాగున్న ముక్క కోసుకున్నాం. దండాసి తీగలు మెలిపెట్టడం చూపించాడు, నేను మెలిపెట్టాను. ఒక్కో తీగకు విడిగా అతని లారీలోని నల్ల టేపు, తరవాత రెండిటికీ కలిపి టేపు. పండగ వెళ్లాక టంకం పెట్టించుకోమని గట్టిగా చెప్పాడు. చక్రం బిగించాక కొంత దూరం నడిపి, ఇంజను ఆపి, మళ్లీ తాళం తిప్పాను. దీపాలన్నీ ఒకసారి వెలిగాయి. ఒక్కొక్కటీ ఆరాయి. జారుడు దీపం కూడా ఆరింది.

నేను నమ్మలేదు. విజయనగరంలోనూ ఆరింది కదా. ఉప్పు గోదాముల ముందు ఖాళీ జాగాలో ఎడమకే తిప్పుతూ గుండ్రంగా తిరిగాను. గుంత ఎక్కడ కనిపిస్తే అక్కడ దింపాను. రైలు గేటు మీదుగా అటూ ఇటూ పోయి వచ్చాను. గేటు దగ్గర ఉన్నాయన లేచి నిలబడి చూశాడు. వాన జోరుగా కురిసేటప్పుడు మళ్లీ తిరిగాను. అత్త రెండు చేతులతో ముందున్న డాష్‌బోర్డు పట్టుకుని, "ఓలమ్మ, సాలే, నా కడుపులో పులిహోర పైకొస్తన్నాది" అనేదాకా ఆపలేదు. దీపం వెలగలేదు.

దండాసికి అత్త మిగిలిన నెత్తళ్లన్నీ ఇచ్చేసింది. డబ్బు తీసుకోలేదు. వ్యాపారంలో అత్త అలా చెయ్యడం నేను చూడ్డం అదే మొదటిసారి.

పల్లె: దీపం కాదు

చిన్నాన్న అరుగు మీద దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరి ఆడట్లేదట. కారును అరుగు దాకా తెచ్చి, తాళం తిప్పి, రమ్మని పిలిచి చూపించాను. గోడ పట్టుకుని వచ్చి, వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఆరింది," అన్నాడు.

"రేపు పొద్దున్నే బయల్దేరదాం చిన్నాన్నా."

ఆయన తిరిగి వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు. "నాను రానమ్మా."

అత్త బుట్ట కింద పడేసింది. "ఒరే! దీపం ఆరితే వస్తానన్నావు కదరా! ఈ గౌరి గుంట రెండ్రోజులుగా వానలో, బురదలో పొర్లింది. ఇప్పుడు రానంటావేటి?"

చిన్నాన్న సముద్రం వైపు చూస్తూ అక్కతో చెప్పాడు. "దీపం కాదప్పా. ఆస్పత్రిలో నా పక్క మంచం తవిటయ్యది. ఏడాదిగా ఇద్దరం ఒకే పూట. కబుర్లు సెప్పుకునేవోళ్లం, నవ్వుకునేవోళ్లం. ఆ రోజు ఎల్లేసరికి ఆడి మంచం మీద దుప్పటి మడతెట్టేసి ఉన్నాది. నర్సమ్మని అడగబోతే మొగం తిప్పేసుకున్నాది. తిరిగొస్తంటే బండి ఆగిపోనాది."

"మరి దీపమన్నావెందుకు?" అన్నాను నేను.

"దీపమంటే మీరు బాగు సేస్తారు. బయమంటే ఏటి సేస్తారు?"

 రమణమ్మ ప్రశ్న అప్పుడు గుర్తొచ్చింది. అత్త మెల్లగా వెళ్లి తమ్ముడి పక్కన కూర్చుని, వాచిన ఆయన పాదాలు ఒళ్లోకి తీసుకుంది.  నేను గుమ్మంలో నిలబడి ఆలోచించాను. ఈ రెండు రోజులూ నేను చేసిందల్లా, ఎవరేం చెప్పినా నా చేత్తో చూసుకునేదాకా నమ్మకపోవడం. అంతకంటే నాకు చేతనైంది ఏమీ లేదు.

"చిన్నాన్నా, తవిటయ్యకు ఏమైందో నీకు తెలుసా?" అని అడిగాను.

"తెల్దు."

"కనుక్కుందాం. రేపు నాతో రా. ఆ గుమ్మం దాకా రా. నర్సమ్మను నేనే అడుగుతాను. విన్నాక లోపలికి వెళ్తావో, ఇంటికి వచ్చేస్తావో నీ ఇష్టం. వచ్చేద్దామంటే కారు తిప్పేస్తాను. ఒక్క మాట అనను."

అత్త ఉలిక్కిపడి నా వైపు చూసింది. నేను కళ్లు దించలేదు. మాట ఇస్తే నిలబెట్టుకుంటానని చిన్నాన్నకు తెలుసు. ఆయన తల ఆడించాడు.

శ్రీకాకుళం

దశమి పొద్దున వానలో బయల్దేరాం. వంశధార నిండుగా, మట్టి రంగులో పారుతోంది.  వంతెన మీద కారు చెప్పినట్టు విన్నది.

ఆస్పత్రిలో ఆ గది బయట పొడవాటి బల్ల ఉంది. చిన్నాన్న, అత్త అక్కడ కూర్చున్నారు. నర్సమ్మ వస్తే నేను నోరు తెరిచేలోగా చిన్నాన్నే అడిగాడు.

"తవిటయ్య పోనాడా అమ్మా?"

ఆమె ఈసారి ముఖం తిప్పుకోలేదు. ఆయన పక్కన కూర్చుంది. "పోయాడు కూర్మయ్యా. ఇంటి దగ్గర, నిద్రలోనే. మీకు చెప్పాలంటే నాకే నోరు రాలేదు."

చిన్నాన్న కండువాతో ముఖం కప్పుకున్నాడు. అత్త ఆయన వీపు మీద చెయ్యి వేసి ఉంచింది. నేను కారు తాళం చేతిలో పట్టుకుని నిలబడ్డాను. తిప్పెయ్యమంటే తిప్పేయాలి. ఆ కాసేపూ నేను పడ్డ కంగారు వంతెన మీద లారీ హారన్ కొట్టినప్పుడు కూడా పడలేదు.

లోపలి నుంచి ఎవరో గట్టిగా గోల చేస్తున్నారు. తవిటయ్య మంచం మీద కొత్తగా ఎవరినో పడుకోబెట్టారు. నలభై ఏళ్లుండవు. పొలం పని చేసే మనిషిలా ఉన్నాడు. సూది పట్టుకుని వచ్చిన నర్సును దగ్గరకు రానివ్వడం లేదు. అతని భార్య గోడకు ఆనుకుని ఏడుస్తోంది.

చిన్నాన్న కండువా తీసి అటు చూశాడు. తరవాత లేచాడు. ఆయాసపడుతూ, గుమ్మం పట్టుకుని, ఆగి, మళ్లీ నడిచాడు. తన మంచం ఎక్కి, చొక్కా చెయ్యి పైకి మడిచి, పక్క మంచం వైపు తిరిగి పడుకున్నాడు.

"ఏ ఊరు బాబూ మీది?"

ఆ మనిషి బెదురుగా చూసి ఏదో ఊరి పేరు చెప్పాడు.

"మొదటిసారేటి? సూది దిగినప్పుడు దానికేసి సూడకు," అన్నాడు చిన్నాన్న. "నాకేసి సూడు."